మొగలిలంక చీటీలు

మెట్టు 14, పురుగుల గది దినచర్య. రాస్తున్నది గుబ్బల మంగతాయారు.

ముంపు 52, ఆషాఢ శుద్ధ విదియ

ఈ పుస్తకంలో ఇన్నేళ్లూ నేను రాసింది ఒకటే. గదిలో తేమ ఎంత, ఏ బీరువాలో కలరా ఉండలు మార్చాను, ఎవరు ఏ గట్టు మీద ఏ పురుగును పట్టి తెచ్చారు. ఇవాళ తేమ డెబ్బై ఒకటి. మూడో బీరువాలో ఉండలు మార్చాను. ఇవాళ కోపం కూడా రాస్తున్నాను, కానీ దాన్ని కొలిచే సాధనం ఈ గదిలో లేదు.

పొద్దున తీగబండి బియ్యం బస్తాలు ఎత్తుకుని కిందికి దిగిపోయిందో లేదో, గోడపలక మీద పట్టికవారి ఉత్తరువు వెలిగింది. పట్టిక అంటే రాజమండ్రి రేవులో ఉన్న యంత్రం. మనుషులు, పశువులు, చెట్లు, పురుగులు ఏవి ఎక్కడ ఉన్నాయో, వాటి పేరేమిటో అది చెప్పిందే లెక్క. అది చెప్పింది ఇదీ: మెట్టు 14 వరిగట్ల మీద తిరిగే పొట్టిరెక్కల పురుగు, ఒడ్డు ప్రాంతపు మంటపురుగు ఒకే జాతి. మంటపురుగు నిర్మూలన జాబితాలో ఉంది. కావున శ్రావణ శుద్ధ పంచమినాడు మెట్టు 14 అంతటా డ్రోన్లతో మందు చల్లబడును. ఆ రోజు మనుషులు, పశువులు ఇళ్లలోనే ఉండవలెను.

మెట్టు 14 అంటే కొండవాలున మెట్టులా చదును చేసిన మా చోటు. ఆ పురుగును మేం గట్టుపురుగు అంటాం. చీమంత ఉంటుంది. నల్లని తల, నారింజరంగు ఒళ్లు, మధ్యలో నీలంగా మెరిసే రెండు బుల్లి రెక్కలు. రెక్కలు పొట్టివి కాబట్టి సగం నడుము బయటే ఉంటుంది, చాలీచాలని చొక్కా తొడుక్కున్నట్టు. చూడ్డానికి మంటపురుగూ అచ్చం అలాగే ఉంటుంది. కాకపోతే అది దీపానికి ఎగిరొచ్చి ఒంటిమీద వాలుతుంది, నలిపితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. ఒడ్డున, ఊళ్లు మునిగినవాళ్ల బారకాసుల్లో ఉండే పిల్లలకు కళ్లు వాచిపోతున్నాయని నాలుగేళ్లుగా అక్కడ మందు చల్లుతున్నారు. మంటపురుగు తగ్గింది. దాంతోపాటు వరిని పీల్చేసే సుడిదోమను తినే దిక్కూ లేకుండా పోయింది. మంటపురుగు కూడా దోమను తింటుందని నేను నాలుగేళ్ల కిందటే చెప్పాను, ఎవరూ వినలేదు. ఇప్పుడు ఒడ్డు వరి సుడులు సుడులుగా ఎండిపోతోంది. మా బియ్యం ఎక్కించుకుని తీగబండి రోజూ కిందికి దిగేది అందుకే.

ఇక్కడ సుడిదోమ లేదు, గట్టుపురుగు ఉంది కాబట్టి. అది పోతే పంట పోతుంది. పంట పోతే మమ్మల్ని ఈ కొండ మీద ఉండనివ్వరు. ఒకసారి సముద్రం వెళ్లగొట్టింది, ఇప్పుడు డ్రోన్లు. నేను మాత్రం కదలను.

ఇందులో నా తప్పు ఒకటుంది, అదీ రాయాలి. గట్టుపురుగు వేరే జాతి అని నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు. పేరు పెట్టి పట్టికలో చేర్పించి ఉంటే ఈ ఉత్తరువు వచ్చేదే కాదు. ఇంకో పది మగవాటిని చూశాక రాద్దాం, వచ్చే వానలకు రాద్దాం అనుకుంటూ గడిపేశాను. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

ఆషాఢ శుద్ధ పంచమి

తేమ డెబ్బై నాలుగు. మూడు రోజులుగా భూతద్దం ముందునుంచి లేవలేదు.

పొట్టిరెక్కల పురుగుల్లో జాతి తేల్చాలంటే రంగూ రూపూ చాలవు. మగదాని తోక చివర విప్పి, లోపలి అంగాన్ని సూదిమొనతో బయటికి తీసి చూడాలి. తాళానికి చెవిలాగ ఒక్కో జాతికి ఒక్కో ఆకారం. ఒడ్డునుంచి తెచ్చిన పాత పెట్టెలోవి నలభై, మా గట్లవి నలభై విప్పాను. ఒడ్డువాటికి చివర నిటారుగా ఉంది. మావాటికి కొడవలిలా వంగి ఉంది. ఎనభైలో ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. ఇంకొకటి, మంటపురుగు పైరెక్కల కింద ఎగిరే రెక్కలు మడిచి ఉంటాయి. గట్టుపురుగుకు అక్కడ మొలకలంత ఉన్నాయి. అది ఎగరలేదు. ఎగరలేనిది దీపానికి రాదు, ఇంకో కొండకూ పోదు.

వీరవేణి గొట్టంలో ఇంకో పన్నెండు తెచ్చింది. మూడో మడిలో ఊడ్పుల మధ్యనుంచి వచ్చింది, మోకాళ్లదాకా బురద. ఈ మెట్టు మీద పురుగు పట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. కాసేపు నా భుజం మీదుగా తొంగి చూసింది.

"పెళ్లొద్దని కూకున్న మనిషివి, పిన్నీ, రోజల్లా మగోళ్ల సంగతే సూత్తన్నావు" అంది.

నవ్వొచ్చింది. ఉత్తరువు వచ్చాక అదే మొదటిసారి నవ్వడం. బురద కాళ్లతో బీరువాల దగ్గరికి వెళ్లొద్దని తిట్టి పంపాను.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

తొలి ఏకాదశి. ఇంత పేలపిండి నోట్లో వేసుకుని తీగబండెక్కాను. కింద పడవ మారి రేవు చేరేసరికి పదకొండయింది. వెంట మూడు పెట్టెలు, రెండు గొట్టాల్లో ప్రాణంతో ఉన్న పురుగులు.

పట్టిక కార్యాలయంలో నాకు దొరికిన అధికారి పేరు హరివర్ధన్. ముప్ఫై ఏళ్లుంటాయి, హైదరాబాద్ మనిషి. చెడ్డవాడని రాద్దామనుకుంటూ వెళ్లాను గానీ అలా రాయడానికి లేదు. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, నేను గీసిన బొమ్మలు ఒక్కొక్కటీ చూశాడు. మగపురుగు అంగం బొమ్మల దగ్గర మాత్రం చెవులు ఎర్రబడ్డాయి. బొమ్మలన్నీ యంత్రానికి చూపించాడు. యంత్రం జవాబిచ్చింది: ఒకేచోట నివసించే ఒకే జాతిలో ఇటువంటి తేడాలు సహజము.

నాకు ఒళ్లు మండింది. మండిందంటే నిజంగానే మండాలి కదా అని, చొక్కా చేతులు రెండూ పైకి మడిచాను. ఒక గొట్టంలోంచి ఒడ్డు మంటపురుగును తీసి ఎడమచేతి మీద నలిపాను. రెండో గొట్టంలోని మా గట్టుపురుగును కుడిచేతి మీద నలిపాను. రెండూ ఆడవే, ఎందుకంటే మగది నలిపినా అంతగా కాలదు. ఆ మాట చెప్తే పక్క బల్ల దగ్గరి ఆవిడ, లోకమంతా అంతేనంది. హరివర్ధన్ కంగారుపడి నీళ్ల సీసా ఎత్తాడు. వద్దన్నాను. బొబ్బలు ఇప్పుడే రావు, ఒకటిన్నర రోజు పడుతుంది, ఎల్లుండి గోడపలకలో చూపిస్తానన్నాను.

"మేడమ్, మీరు చెయ్యి కాల్చుకున్నా అది నమ్మదు. దానికి ముఖ్యం ఏ పురుగు ఏడ దొరికింది అనేదే. ఈ పటం చూడుండ్రి" అన్నాడు.

పటం తెరిచాడు. మంటపురుగు చుక్కలు ఒడ్డు పొడుగునా ఎర్రగా ఉన్నాయి. మేం ఇరవై ఏళ్లుగా పంపిన గట్టుపురుగు చుక్కలు పచ్చగా ఉన్నాయి, రెండు వందల పన్నెండు. అవి కొండ మీద ఉండాలి. కొండ మీద ఒక్కటీ లేదు. అన్నీ ఎర్రచుక్కల పక్కనే, ఒడ్డు మీదే ఉన్నాయి.

పచ్చచుక్కను నొక్కితే చీటీ తెరుచుకుంది. ప్రతి పురుగు సూదికి ఒక చిన్న చీటీ గుచ్చుతాం: ఊరు, తేదీ, పట్టినవారి పేరు. ఆ చీటీ మీద వీరవేణి గుండ్రటి రాతలో ఇలా ఉంది: ఊరు, మొగలిలంక.

ఇంకోటి నొక్కాను, మొగలిలంక. ఇంకోటి, మొగలిలంక. అలా పదకొండోది నొక్కేసరికి నా సొంత రాత కనిపించింది. ఊరు, మొగలిలంక.

మొగలిలంక సముద్రం కింద ఉంది. చీటీలో ఉన్న ఊరు నీళ్లలో పడింది కాబట్టి యంత్రం ఆ చుక్కను దగ్గరి ఒడ్డుకు జరిపింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, సముద్రంలో పురుగు ఎలా పట్టారు అని అడక్కుండా తీసుకెళ్లి ఒడ్డున కట్టేసింది. రెండు రకాలూ ఒకే ఒడ్డున ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటేనంది. ఒకటే అయ్యాక, మా గట్ల మీద డ్రోన్లకు కనిపించినది కూడా మంటపురుగే అయింది.

యంత్రాన్ని తిట్టడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. రాసింది మేమే.

ఆషాఢ శుద్ధ ద్వాదశి

తేమ డెబ్బై ఆరు. ఎడమచెయ్యి ఎర్రబడి గీరుతోంది.

ఇది ఎలా జరిగిందో బయటివాళ్లకు అర్థం కాదు. మా మెట్టు మీద నలభై రెండు ఇళ్లు. అందరిదీ మొగలిలంకే. యాభై రెండేళ్ల కిందట సముద్రం లేచి ముంపు వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కొండకు చేరిన మొదటి రోజు సర్కారు మనిషి వచ్చి ఇది మెట్టు 14 అని రాయి పాతి వెళ్లాడు. ఆ మాట మావాళ్లెవరూ నోట్లోకి రానివ్వలేదు. మీదే ఊరని ఎవరు అడిగినా మొగలిలంక అనాలి. పుట్టిన పిల్లకూ అదే నేర్పుతాం, సముద్రం మొహం చూడని పిల్లకు కూడా. బడిలో, పెళ్లి శుభలేఖలో, బియ్యం బస్తా మీద, అంతటా అదే. ఊరు అనే గడి కనిపిస్తే మా చెయ్యి తనంతట తనే రాసేస్తుంది.

పురుగు పట్టడం వాళ్లకు నేర్పింది నేను. చీటీ రాయడం నేర్పింది నేను. తేదీ తప్పయితే వెనక్కి తిప్పి పంపాను, అక్షరం కలిసిపోతే మళ్లీ రాయించాను. ఊరు దగ్గర మాత్రం రెండు వందల పన్నెండు సార్లు చూసి, సరిగ్గా ఉందని లోపల పెట్టాను. గురివిందగింజ సామెత నా కోసమే పుట్టింది.

ఆషాఢ శుద్ధ త్రయోదశి

ఎడమచేతి మీద జానెడు మేర బొబ్బలు. కుడిచెయ్యి శుభ్రంగా ఉంది. రెండూ గోడపలకలో హరివర్ధన్‌కి చూపించాను. చాలాసేపు చూశాడు.

"నేను నమ్మిన, మేడమ్. పట్టిక నమ్మదు. చీటీలు సరిచేయాలె" అన్నాడు.

ఎలా అని అడిగితే చెప్పాడు. చెప్తున్నంతసేపూ తల దించుకునే ఉన్నాడు. చీటీలోని ఊరును యంత్రం మనుషుల పట్టికతో సరిచూస్తుంది. మనుషుల పట్టికలో మా ఊరు మొగలిలంక, చీటీలోనూ మొగలిలంక, కాబట్టి చీటీ నిజం. చీటీ తప్పు అనాలంటే మనుషుల పట్టికలో కూడా మా ఊరు మెట్టు 14 అని మారాలి. ఒకరిద్దరు కాదు, నలభై రెండు ఇళ్లూ వేలిముద్ర వెయ్యాలి. ఒక్క ఇల్లు మొగలిలంక అని మిగిలినా చుక్కలన్నీ అక్కడే ఉంటాయి.

అందరూ మారిస్తే మొగలిలంక ఏమవుతుందని అడిగాను. మునిగిన ఊరు పటం మీద ఉండాలంటే అది మాది అనే ఇల్లు ఒక్కటైనా ఉండాలట. ఎవరూ లేకపోతే తీసేస్తారట. ఇప్పటికి అలా మూడు వందల పైచిలుకు ఊళ్లు పోయాయన్నాడు.

మందు పూసుకుని వచ్చి ఇది రాస్తున్నాను.

ఆషాఢ బహుళ తదియ

కళ్లంలో అందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. చీటీలు మారిస్తే పురుగు దక్కుతుంది, వరి దక్కుతుంది, ఊరు పోతుంది. మార్చకపోతే పటంలో ఊరు ఉంటుంది, అందులో ఉండేవాళ్లం మాత్రం ఎక్కడికి పోతామో తెలియదు.

ముందుగా చిట్టబ్బాయి బాబాయి లేచాడు. ఎనభై ఎనిమిదేళ్లు. మొగలిలంకలో వ్యవసాయం చేసినవాళ్లలో ప్రాణంతో ఉన్నది ఆయనొక్కడే.

"పురుగు కోసం ఊరిని సంపుకుంటారేటే? నేనెయ్యను" అన్నాడు.

వీరవేణి ఆయనకు మనవరాలి వరస. మామూలుగా ఆయన ముందు గొంతెత్తదు. ఇవాళ ఎత్తింది.

"తాతా, ఊరు ఊరంటన్నావు, ఆ ఊళ్లో నువ్వేం సేసేవోడివి? వరే కదా ఊడ్సేవోడివి. ఇక్కడ మడి ఎండిపోయాకా ఒడ్డున బారకాసులో కూకుని మొగలిలంక మొగలిలంక అనుకుందారా? అప్పుడు నవ్వరా జనం?"

ఆయన కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి పదిహేడు ఇళ్లవాళ్లు వేలిముద్ర వేశారు. మొదటిది వీరవేణి, రెండోది నేను.

ఆషాఢ బహుళ ద్వాదశి

తేమ ఎనభై. ఒకటో బీరువాలో బూజు కనిపిస్తే తుడిచాను. నలభై ఒక్క ఇళ్లు అయ్యాయి. పంచమికి ఎనిమిది రోజులు. బాబాయి నాతో మాట్లాడ్డం మానేశాడు.

ఆయన్ని ఒప్పించమని అందరూ నన్నే తొందరపెడుతున్నారు. ఒప్పించను. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి చేత ఊరిని కొట్టేయించే మాటకారితనం నాకు లేదు, ఉన్నా వాడను. అంత అవసరమైతే డ్రోన్ల కిందికి వెళ్లి నేనే నిలబడతాను.

ఆషాఢ అమావాస్య

పొద్దున పదింటికి బాబాయి తనే గదికి వచ్చాడు. ముప్ఫై ఏళ్లలో ఈ గడప తొక్కలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి, గుడికొచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏదో పురుగంటన్నావుగా. సూపించు" అన్నాడు.

అన్నిటికంటే పాతది తీశాను. ముంపు 11 నాటిది. మూడు మూలల అట్టముక్క చివర అంటించిన గట్టుపురుగు, రంగు ఇంకా పోలేదు. దాన్ని భూతద్దం కింద పెట్టి ఆయన తలను మెల్లగా వంచాను. చాలాసేపు చూశాడు. తర్వాత చీటీ చదివి వినిపించమన్నాడు. ఊరు, మొగలిలంక. రెండో గట్టు. ఆషాఢ శుద్ధ నవమి. పట్టినవారు, కముజు చిట్టబ్బాయి.

ఆయన మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. అప్పటికి నేనింకా చదువుకునే పిల్లని. రెండో గట్టు వేస్తూ, ఇదేదో చీమ కాదే అమ్మడూ అని అరచేతిలో పెట్టుకుని తెచ్చి ఇచ్చాడు. ఈ గదిలో మొదటి గట్టుపురుగు అదే. చీటీ రాసిందీ ఆయనే.

"ఇప్పుడు నా సీటీ పీకేసి సింపేత్తావా?" అని అడిగాడు.

"మా పనిలో చీటీ పీకడం ఉండదు, బాబాయ్. తప్పయినా సరే, పాత చీటీ సూదికి అలాగే ఉండాలి. సరైనది రాసి దాని కింద ఇంకోటి గుచ్చుతాం. వందేళ్ల తర్వాత ఎవరు తీసినా రెండూ చదవాలి. ముందు ఏం రాశారు, తర్వాత ఏం రాశారు, రెండూ తెలియాలి."

"రెండూ ఒకే సూదికా?"

"ఒకే సూదికి."

పటంలో మాత్రం ఊరు పోతుందని మళ్లీ చెప్పాను, దాచలేదు. తెలుసన్నట్టు చెయ్యి ఊపాడు. కొత్త చీటీ తనే రాస్తానన్నాడు. కళ్లు ఆనవు, చెయ్యి ఆగదు, నాలుగు అట్టముక్కలు పాడయ్యాయి. ఐదోదాని మీద వంకరగా వచ్చింది: మెట్టు 14. దాన్ని నేను గుచ్చబోతే నా చేతిలోంచి సూది తీసుకుని తనే గుచ్చాడు. తర్వాత పలక మీద వేలు పెట్టాడు.

ఆయన వెళ్లాక తలుపేసుకుని ఏడ్చాను. అది పురుగుల గది దినచర్యలో రాయాల్సిన విషయం కాదు. రాశాను.

శ్రావణ శుద్ధ విదియ

రేవులో ఉన్నాను. రెండు వందల పన్నెండు కొత్త చీటీలు యంత్రం చదివింది. పచ్చచుక్కలు ఒక్కొక్కటే ఒడ్డు వదిలి కొండ మీదికి వచ్చి మా మెట్టు దగ్గర కుప్పగా పడ్డాయి. ఎర్రవి ఎర్రగా అక్కడే ఉన్నాయి. మధ్యలో అరవై కిలోమీటర్ల ఖాళీ. హరివర్ధన్ బల్ల మీద చెయ్యి చరిచాడు. అప్పుడు యంత్రం అంది: రెండు జాతులు. కొండజాతికి పేరు లేదు. పేరు లేని జాతికి రక్షణ లేదు. పేరు ప్రతిపాదించండి.

ముప్ఫై ఏళ్లు వాయిదా వేసిన పని. పేరు గురించి మాత్రం పడవలో వస్తున్నంతసేపూ ఆలోచించాను. మా శాస్త్రానికి రూళ్లున్నాయి, పట్టిక పుట్టకముందు వందల ఏళ్ల నాటివి. వాటికి ప్రపంచంలో ఏ యంత్రమైనా తల వంచాల్సిందే. అందులో ఒకటి, ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. దాన్ని ఎవరూ కొట్టెయ్యలేరు, ఏ సర్కారూ మార్చలేదు.

టైపు చేశాను: పెడెరస్ మొగలిలంకెన్సిస్. పెడెరస్ ఈ పురుగులన్నిటి ఇంటిపేరు, రెండో మాటకు అర్థం మొగలిలంకకు చెందినది. ఆ పేరుకు ఎప్పటికీ సాక్ష్యంగా నిలిచే మూలనమూనాగా బాబాయి పట్టిన పురుగును పెట్టాను, రెండు చీటీలతో.

యంత్రం ఆగింది. అది ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు.

మొగలిలంక అనే ఊరు నేటి ఉదయం పటమునుండి తొలగించబడినది, అంది. ఈ జాతి అక్కడ నివసించదు. పేరు తప్పుదోవ పట్టించును. మార్చెదరా?

మార్చనన్నాను.

మెట్టు 14 పేరుమీద ఒక పేరు తయారుచేసి చూపించింది. మార్చెదరా?

మార్చను. రూలు సంఖ్య కూడా చెప్పాను: పేరు జాతికి నప్పలేదన్న కారణం మీద పేరును తోసెయ్యకూడదు. నల్లదానికి తెల్లనిదని పేరు పెట్టినా సరే, పెట్టిన పేరు పెట్టినట్టే ఉండాలి.

మూడోసారి అడిగింది. హరివర్ధన్ నా మొహం చూసి, తన కుర్చీ నా కుర్చీ పక్కకు జరుపుకున్నాడు.

"రూల్ కరెక్టే ఉంది. అమ్మ చెప్పిన పేరే రాయి" అన్నాడు యంత్రంతో. మేడమ్ పోయి అమ్మ ఎప్పుడయిందో నేను గమనించలేదు.

రాసింది. అయితే మందు ఉత్తరువు రద్దు కావడానికి మూడు నుంచి ఐదు రోజులు పట్టవచ్చునట. పంచమి ఇంకా మూడు రోజులే.

శ్రావణ శుద్ధ పంచమి

తేమ ఎనభై మూడు. పొద్దున ఏడింటిదాకా రద్దు రాలేదు.

ఇళ్లలోనే ఉండవలెనని ఉత్తరువు. ఒక్కరూ ఉండలేదు. ఎవరికీ ఎవరూ చెప్పలేదు. టీ తాగి నేను గట్టు మీదికి వెళ్లేసరికే వీరవేణి మూడో మడి గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి ఉంది. ఒక్కో ఇల్లూ ఒక్కో గట్టెక్కింది, పశువులతో సహా. బాబాయికి రెండో గట్టు మీద కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు.

తొమ్మిదింటికి డ్రోన్లు వచ్చాయి, పన్నెండు. సర్కారు మనిషి పాతిన రాయి దాకా వచ్చి గాలిలో ఆగాయి. మనుషులు ఇళ్లలోకి వెళ్లవలెనని వాటిలోంచి గొంతు వినిపించింది. ఎవరూ కదల్లేదు. మళ్లీ చెప్పింది. వీరవేణి గొడుగు మూసి, వంగి మొక్కల మధ్య కలుపు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆమెను చూసి అందరూ మడుల్లోకి దిగారు. ఎంతసేపు అలా గడిచిందో నా దగ్గర లెక్క లేదు. నేనూ బురదలోనే ఉన్నాను, బొబ్బలు మానని చెయ్యి పైకెత్తుకుని.

గోడపలక మోత వినిపించింది. గదికి పరుగెత్తాను. అరవై ఒక్కేళ్లకు పరుగెత్తగలనని ఇవాళే తెలిసింది. రెండు కబుర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. బయటికి వచ్చి గట్టు మీద నిలబడి గట్టిగా చదివాను.

మొదటిది: మొగలిలంక గ్రామము, నివాసులు లేనందున, పటమునుండి తొలగించబడినది.

రెండోది: పెడెరస్ మొగలిలంకెన్సిస్. కొత్త జాతి. విస్తరణ, మెట్టు 14 మాత్రమే. రక్షితము. మందు ఉత్తరువు రద్దు.

నేను చదివి ముగించేసరికి డ్రోన్లు వెనక్కి తిరిగాయి.

బాబాయికి చెవి సరిగ్గా వినపడదు. దగ్గరికి వెళ్లి రెండూ మళ్లీ చదివాను. మొదటిదానికి తల ఊపాడు. రెండోది విని, "పేరు మట్టుకు ఇంకోసారి సదువు" అన్నాడు.

చదివాను. ఇంకోసారి అన్నాడు. నాలుగుసార్లు చదివాక అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

శ్రావణ బహుళ పాడ్యమి

తేమ ఎనభై ఒకటి. వీరవేణి పద్దెనిమిది పురుగులు తెచ్చింది. చీటీల మీద మెట్టు 14 అని తప్పులేకుండా రాసింది. రాసినందుకు నన్ను రెండు తిట్లు తిట్టింది. ఒడ్డు మంటపురుగు మీద కూడా ఒక విన్నపం రాయమంటున్నాడు హరివర్ధన్. దాన్నీ వదలను. వచ్చే వారం మొదలుపెడతాను, వచ్చే వానలకు కాదు.

పట్టిక పొద్దున్నే మళ్లీ అడిగింది: లేని ఊరి పేరు తప్పుదోవ పట్టించును, మార్చెదరా అని. ప్రతి పదిహేను రోజులకూ అడుగుతుందట, దాని పద్ధతి అది. మార్చనన్నాను.

మూడో బీరువాలో కలరా ఉండలు మార్చాను.